ప్రకృతి వైద్య డాక్టరు కావడం ఎలా: బీఎన్‌వైఎస్ ప్రవేశం నుంచి సొంత క్లినిక్ దాకా

ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. మట్టిపట్టీ వేయడానికి, తొట్టిలో కూర్చోబెట్టడానికి, పళ్లరసం తాగించడానికి అయిదున్నర సంవత్సరాలు చదవాలా అన్నది వారి సందేహం. మట్టిపట్టీ వేయడం వారం రోజుల్లో చేతికి వస్తుంది. అయితే ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ పట్టీ వేయవచ్చునా, వేస్తే ఎంతసేపు ఉంచాలి, అసలు ఆయనకు కావలసింది పట్టీయా లేక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లే అంబులెన్సా అన్నది తేల్చుకోగలగాలంటే మాత్రం ఆ అయిదున్నరేళ్లూ అవసరమే. ఈ మార్గదర్శి ఆ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఏ మలుపు దగ్గర ఏం చూసుకోవాలో చెబుతూ వివరిస్తుంది.

మొదటి మెట్టు: ఏ పట్టా డాక్టరును చేస్తుందో తెలుసుకోండి

మన దేశంలో ప్రకృతి వైద్యుడిగా ప్రాక్టీసు చేయడానికి అర్హతనిచ్చే డిగ్రీ బీఎన్‌వైఎస్, అంటే బ్యాచిలర్ ఆఫ్ నేచురోపతి అండ్ యోగిక్ సైన్సెస్. ఇది నాలుగున్నర సంవత్సరాల చదువు, దాని మీద ఒక సంవత్సరం తప్పనిసరి ఇంటర్న్‌షిప్ కలిసిన కోర్సు. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలో, ప్రతిరోజూ తరగతికీ, ప్రయోగశాలకూ, ఆసుపత్రికీ హాజరవుతూ మాత్రమే దీన్ని చదవాలి.

ఇదే పేరుకు దగ్గరగా వినిపించే ఇతర చదువులు చాలా ఉన్నాయి, నష్టం జరిగేది కూడా ఎక్కువగా ఇక్కడే. ఉత్తరాల ద్వారా నడిచే డిప్లొమాలు, ఆరు నెలల సర్టిఫికెట్లు, ఆన్‌లైన్‌లో డబ్బు కడితే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చునని ఊరించే ప్రకటనలు మీ కంట పడుతూనే ఉంటాయి. వాటిలో కొన్ని సొంత ఆరోగ్యం కోసం నేర్చుకోవడానికి పనికిరావచ్చు, కానీ వాటితో వైద్యుడిగా రిజిస్ట్రేషన్ వస్తుందని నమ్మి చేరకండి. యోగా బోధకులకు ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రం విలువైనదే, అయినా అది యోగా నేర్పడానికి ఇచ్చే అర్హత, రోగిని పరీక్షించి చికిత్స రాయడానికి ఇచ్చేది కాదు. పుణెలోని జాతీయ ప్రకృతి చికిత్సా సంస్థ ఒక సంవత్సరం ట్రీట్‌మెంట్ అసిస్టెంట్ శిక్షణ ఇస్తుంది. చికిత్స గదిలో సహాయకులుగా పనిచేయాలనుకునేవారికి అది గౌరవప్రదమైన మార్గం, ఎందుకంటే మంచి సహాయకులు లేని ప్రకృతి వైద్యశాల ఒక్క రోజు కూడా నడవదు. ఏ కోర్సు ఏ పనికి అర్హతనిస్తుందో చేరే ముందే స్పష్టంగా తెలుసుకుంటే, తర్వాత మూడు నాలుగేళ్లు పోగొట్టుకున్న బాధ ఉండదు.

రెండో మెట్టు: ప్రవేశం

ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. సాధారణంగా ఈ సబ్జెక్టుల్లో 50 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు అడుగుతారు. ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి.

ప్రవేశ పరీక్ష విషయంలో దేశమంతటా ఒకే పద్ధతి లేదు, దానికి కారణం తెలుసుకోవడం మంచిది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ చదువులను నియంత్రించడానికి 2020లో కేంద్రం తెచ్చిన భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్ చట్టంలో యోగా, ప్రకృతి వైద్యాలను చేర్చలేదు. అందువల్ల ఈ కోర్సుకు సంబంధించిన నియమాలు రాష్ట్ర ప్రభుత్వాలూ, విశ్వవిద్యాలయాలూ నిర్ణయించినట్లు నడుస్తాయి. తమిళనాడులో ప్లస్ టూ మార్కుల ఆధారంగా సీట్లు కేటాయిస్తారు. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్లను అక్షరం వదలకుండా చదవాలి. గత సంవత్సరం అన్నయ్యకో, పక్కింటి అమ్మాయికో సీటు ఏ పద్ధతిలో వచ్చిందో అదే ఈ సంవత్సరమూ ఉంటుందని అనుకోకండి. నా సలహా ఏమిటంటే, బైపీసీ విద్యార్థి నీట్ తప్పకుండా రాయాలి, రాష్ట్ర ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. ఏదో ఒకటి అక్కరలేదని ముందే వదిలేసి, తర్వాత నోటిఫికేషన్‌లో అదే అడిగితే ఒక సంవత్సరం చేజారిపోతుంది.

సర్టిఫికెట్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది స్థానికతను నిరూపించే స్టడీ సర్టిఫికెట్. మధ్యలో పాఠశాల మారినవారూ, పొరుగు రాష్ట్రంలో ఇంటర్ చదివినవారూ ఆ పత్రాలను కౌన్సెలింగ్‌కు ముందే సమకూర్చుకోవాలి. పొరుగు రాష్ట్రాల కళాశాలల్లో మన విద్యార్థులకు దొరికేవి చాలావరకు యాజమాన్య కోటా సీట్లే కాబట్టి, అక్కడ ఫీజుతో పాటు హాస్టల్, పరీక్ష ఫీజు, ఇంటర్న్‌షిప్ కాలపు ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారా, ఇస్తే ఎంత అన్నది చేరే రోజునే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మూడో మెట్టు: కళాశాలను ఎంచుకోవడం

భవనం చూసి కాక ఆసుపత్రి చూసి కళాశాలను ఎంచుకోవాలి. ప్రకృతి వైద్యం పుస్తకంలో నేర్చుకునే శాస్త్రం కాదు. ఒక రోగి పది, పదిహేను రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి, ఆహారం మారి, బరువు, రక్తపోటు, నిద్ర, విరేచనం రోజురోజుకీ ఎలా మారుతున్నాయో మీ కళ్ల ముందు జరిగితేనే అది అర్థమవుతుంది. అందుకే అడ్మిషన్‌కు ముందు కళాశాలకు వెళ్లి, ఉదయం ఆరు గంటలకు చికిత్స విభాగం చూడటానికి అనుమతి అడగండి. ఆ సమయంలో తొట్లన్నీ నిండి, వరుసలో రోగులు వేచి ఉంటే అక్కడ చదువు ఉంటుంది. తొట్లు పొడిగా మెరుస్తూ ఉంటే, ఎంత ఖరీదైనవైనా, వాటి వల్ల మీరు నేర్చుకునేదేమీ ఉండదు.

అనాటమీ విభాగంలో శవచ్ఛేదనం నిజంగా జరుగుతుందా, రోగనిర్ధారణ ప్రయోగశాల ఉందా, సాధారణ వైద్య పోస్టింగుల కోసం ఏదైనా జిల్లా ఆసుపత్రితో ఒప్పందం ఉందా, గత మూడేళ్లలో చదివి బయటకు వచ్చినవారికి రిజిస్ట్రేషన్ దొరికిందా అన్న ప్రశ్నలు కూడా అడగండి. చివరి ప్రశ్నకు జవాబును ప్రిన్సిపాల్ గదిలో కాక, హాస్టల్ మెస్‌లో సీనియర్ విద్యార్థుల దగ్గర వినండి.

తెలుగు విద్యార్థులకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ అమీర్‌పేట ప్రాంతంలోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఉన్న నేచర్ క్యూర్ ఆసుపత్రి. కర్ణాటకలో ధర్మస్థల మంజునాథేశ్వర సంస్థ 1989లో ఉజిరెలో ప్రారంభించిన కళాశాలకు మంచి పేరుంది. అది బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయ పరిధిలో ఉంది. చెన్నై అరుంబాక్కంలో తమిళనాడు ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య కళాశాల ఉంది.

నాలుగో మెట్టు: నాలుగున్నరేళ్ల చదువు

మొదటి సంవత్సరం చాలామంది విద్యార్థులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. యోగాసనాలూ, పచ్చికూరల గురించి వింటామని వచ్చినవారి ముందు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలు పెడతారు. వాటితోపాటు ప్రకృతి వైద్య తత్త్వం, యోగ తత్త్వం, సంస్కృతం ఉంటాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ఈ దశలో బెదిరిపోకూడదు. ప్రతి ఎముక పేరును, ప్రతి నాడి దారిని బొమ్మగా గీసి, పక్కన తెలుగులో సొంత మాటల్లో రాసుకునే అలవాటు ఉన్నవారు ఆరు నెలల్లో ఇంగ్లిషు మాధ్యమం వారితో సమానంగా నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను. రోగితో మాట్లాడే రోజు వచ్చినప్పుడు ఆ తెలుగు నోటు పుస్తకమే వారికి అక్కరకు వస్తుంది.

తత్త్వం పాఠాన్ని మార్కుల కోసం మాత్రమే చదివి వదిలేయకండి. భారతదేశంలో ఆధునిక ప్రకృతి వైద్య ఉద్యమం మొదలైంది తెలుగు పుస్తకంతోనే అని చెబుతారు. జర్మనీకి చెందిన ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని వేంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు, హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తర్వాత పదేళ్లకు వచ్చాయి. గాంధీజీ పుణెలో డాక్టర్ దిన్‌షా మెహతా చికిత్సాలయంలో ఉండి, 1945 నవంబరు 18న అఖిల భారత ప్రకృతి చికిత్సా ట్రస్టు పత్రం మీద సంతకం చేశారు. 2018 నుంచి ఆ తేదీనే జాతీయ ప్రకృతి వైద్య దినంగా జరుపుతున్నారు. పుణె జాతీయ సంస్థ మొదలైంది ఆ చికిత్సాలయం ఉన్న బాపూ భవన్‌లోనే. 1946లో ఆయన పుణె దగ్గరి ఉరుళీ కాంచన్‌లో గ్రామీణుల కోసం ఆశ్రమాన్ని నెలకొల్పారు. ఈ వైద్యం పేదవాడికి నీరు, మట్టి, ఎండ, గాలి, ఆహారాలతో అందాలన్న ఆలోచన అక్కడిది. ఖరీదైన రిసార్టుల్లో ఉద్యోగం చేసే రోజు వచ్చినా ఆ మూలం మరచిపోకూడదని నా కోరిక.

రెండో సంవత్సరంలో పాథాలజీ, మైక్రోబయాలజీ, ప్రజారోగ్యం వస్తాయి. మూడో సంవత్సరంలో ఆధునిక రోగనిర్ధారణ పద్ధతులు, మనస్తత్వశాస్త్రం, మర్దన, ఆక్యుపంక్చర్ వంటివి చేరుతాయి. చివరి సంవత్సరంలో ఉపవాస చికిత్స, ఆహార చికిత్స, జల చికిత్స, యోగ చికిత్స, ఫిజియోథెరపీ, ప్రసూతి, స్త్రీ వ్యాధులు, అత్యవసర వైద్యం, పరిశోధన పద్ధతులు ఉంటాయి. విశ్వవిద్యాలయాన్ని బట్టి సబ్జెక్టుల వరుస కొంత మారుతుంది. పరీక్షలో పాసవడానికి జల చికిత్స చాలునని కొందరు పాథాలజీని తేలికగా తీసుకుంటారు. అలా చదివినవారు తర్వాత ఏ రోగిని చూసినా లోలోపల భయపడుతూనే ఉంటారు.

అయిదో మెట్టు: చికిత్స గదిలో చేతికి పని నేర్పడం

మట్టిపట్టీ గురించే కొంచెం వివరంగా చెబుతాను. ఎరువులు, పురుగుమందులు పడని చోట, నేల మీది నుంచి మూడు నాలుగు అడుగుల లోతున తవ్విన మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, రాళ్లు, వేళ్లు తీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. తడిపి పిండిన గుడ్డ మీద దాన్ని పొట్ట కోసమైతే సుమారు 10 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, అంగుళం మందంలో పరుస్తారు. పట్టీ ఎత్తినప్పుడు అంచులు జారితే నీరు ఎక్కువైందని అర్థం, ఒంటి మీద పెట్టగానే పగుళ్లిస్తే నీరు తక్కువైందని అర్థం. పొట్ట మీద పెట్టి 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. తీసిన తర్వాత చర్మం తుడిచి, వేడి పుట్టేలా మృదువుగా రుద్దాలి. ఈ పనిని సహాయకులకు వదిలేయకుండా కనీసం వంద పట్టీలు మీ చేత్తో చేయండి. రేపు సహాయకులు తప్పు చేసినప్పుడు దూరం నుంచి చూసి పట్టుకోగలిగేది అలా చేసినవారే.

కటిస్నానానికి, అంటే తొట్టి నీళ్లలో నడుము దాకా మునిగేలా కూర్చోబెట్టడానికి, కూడా ఇంతే శ్రద్ధ కావాలి. చల్లని కటిస్నానంలో నీటి ఉష్ణోగ్రత 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, నీరు బొడ్డు దాకా రావాలి, కాళ్లు తొట్టి బయట ఉండాలి, వ్యవధి 10 నుంచి 20 నిమిషాలు. మే నెలలో హైదరాబాద్‌లో గానీ, రెంటచింతలలో గానీ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చల్లనివి కావు. చేయి పెట్టి బాగానే ఉందనుకుంటే రోగి పొందేది చల్లని స్నానం కాదు, దానివల్ల కలగవలసిన ప్రతిస్పందనా కలగదు. థర్మామీటరు పెట్టి, అవసరమైతే మంచు కలిపి, ఉష్ణోగ్రతను కేస్ షీటులో రాయాలి. వేడి కటిస్నానం 40 నుంచి 45 డిగ్రీలలో 8, 10 నిమిషాలకు మించదు. దానికి ముందు ఒక గ్లాసు నీళ్లు తాగించాలి, తల మీద చల్లని గుడ్డ ఉంచాలి. భోజనం చేసిన వెంటనే ఏ స్నానమూ ఇవ్వకూడదు.

ప్రతి చికిత్సకూ ఒక నిషేధాల పట్టిక ఉంటుంది, మీరు బట్టీ పట్టవలసింది ఏదైనా ఉంటే అదే. చాలాకాలంగా షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గిన మనిషికి వేడి పాదస్నానం ఇస్తే కాలుతున్నదని ఆయనకు తెలియదు, బొబ్బలు లేచాక మీకు తెలుస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మేలు చేస్తుందని కొబ్బరినీళ్లూ, పళ్లరసాలూ ఇస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడే రోగికి ఉన్నట్టుండి రోజూ ఆకుకూరల రసం పెడితే అందులోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు గ్లకోమా ఉన్నవారితో శీర్షాసనం వేయించకూడదు. ఛాతీ మీద ఆక్యుపంక్చర్ సూది లోతుగా దిగితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది. ఈ వైద్యంలో దుష్ప్రభావాలు లేవని చెప్పేవారు ఈ పట్టికను ఎన్నడూ చదవలేదని నేను అనుకుంటాను.

ఆరో మెట్టు: ఉపవాసాన్ని గౌరవించడం

ప్రకృతి వైద్యంలో అన్నిటికన్నా శక్తిమంతమైనది ఉపవాసం, అన్నిటికన్నా జాగ్రత్త కోరేది కూడా అదే. నా ఇంటర్న్‌షిప్ నాటి తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. బరువు తగ్గడానికి చేరిన ఒక పెద్దావిడ బీపీ బిళ్ల ఒక్కటే వేసుకుంటానని చెబితే, నేను అదే కేస్ షీటులో రాశాను. ఆమె సంచిలో షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల కూడా ఉన్న సంగతి నేను చూడలేదు. రసాహారం మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె చెమటలు కక్కుతూ, నన్ను తన కోడలనుకుని, "అమ్మా, స్టవ్ కట్టేశావా" అని అడుగుతున్నారు. గ్లూకోమీటరులో 48 వచ్చింది. స్పృహలో ఉండి మింగగలుగుతున్నారు కాబట్టి గ్లూకోజు నీళ్లు తాగించాం, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాం, తెల్లారేసరికి కోలుకున్నారు. తప్పు ఉపవాసానిది కాదు, నాది.

ఆనాటి నుంచి రోగి తెచ్చుకున్న మందుల స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరచి, ఒక్కొక్కటీ చదివి రాసుకోనిదే నేను ఆహార పట్టిక రాయను. మీరు కూడా ఇంటర్న్‌షిప్ మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోండి. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే హైపోగ్లైసీమియా, అంటే షుగరు పడిపోవడం. ఇన్సులిన్ గానీ, షుగరు బిళ్లలు గానీ వాడేవారికి ఆ మందులు రాసిన వైద్యుడితో మాట్లాడి మోతాదు సరిచేయకుండా ఉపవాసం పెట్టకూడదు. టైప్ 1 మధుమేహంలో ఇన్సులిన్ ఆపడం ప్రాణాంతకం. గర్భిణులకు, పసిపిల్లలకు, బాగా బక్కచిక్కినవారికి, ఆహారం విషయంలో మానసిక రుగ్మత ఉన్నవారికి ఉపవాసం లేదు. దీర్ఘ ఉపవాసం తర్వాత ఒక్కసారిగా పూర్తి భోజనం పెట్టినా రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఉపవాసం విరమించే రోజుల ఆహారాన్ని ఉపవాసం ప్రారంభానికి ముందే రాసి పెట్టుకోవాలి.

ఏడో మెట్టు: ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో తేల్చుకోవడం

పాఠ్యప్రణాళికలో ఉన్నదంతా ఒకే బలంతో నిలబడదు, ఈ మాట గురువుల ముందు చెప్పడానికి కూడా వెనుకాడకూడదు. కంటిపాపలోని రంగులూ, గీతలూ చూసి జబ్బు చెప్పే ఐరిడాలజీని తీసుకోండి. 1979లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో మూత్రపిండ వ్యాధి ఉన్నవారి, లేనివారి కనుపాపల ఫొటోలు చూపించినప్పుడు ఐరిడాలజీ నిపుణులు తేడా పట్టలేకపోయారు. 1988లో పిత్తాశయ వ్యాధి మీద నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలోనూ ఫలితం అలాగే వచ్చింది. పరీక్షలో రాయవలసి వస్తే రాయండి, కానీ కంటిపాప చూసి రోగికి కిడ్నీ బాగుందని చెప్పి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష మానిపించకండి.

మరోవైపు, దీర్ఘకాలపు నడుము నొప్పికి మందులకు ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సూచించింది. ఉప్పు తగ్గించి, పళ్లు, కూరగాయలు పెంచిన ఆహారంతో రక్తపోటు తగ్గుతుందన్నది గట్టిగా రుజువైన విషయం. మన దగ్గర ఊరగాయ, అప్పడం, పొడులతో రోజూ లోపలికి వెళ్లే ఉప్పును లెక్కించి, అన్నం పరిమాణం తగ్గించి, కూర పెంచేలా ఒక కుటుంబాన్ని ఒప్పించగలిగిన ప్రకృతి వైద్యుడు ఏ తొట్టీ లేకుండానే చాలా మేలు చేస్తాడు. చివరి రెండేళ్లలో పరిశోధన పత్రాలు చదవడం నేర్చుకోండి. ఢిల్లీలోని కేంద్ర యోగా, ప్రకృతి చికిత్స పరిశోధన మండలి 1978 నుంచి పనిచేస్తోంది, దాని ప్రచురణలతో మొదలుపెట్టవచ్చు.

ఎనిమిదో మెట్టు: ఇంటర్న్‌షిప్

ఆ పన్నెండు నెలల్లో ప్రకృతి వైద్య విభాగాల పోస్టింగులు ఎలాగూ ఉంటాయి. జిల్లా ఆసుపత్రి పోస్టింగు వచ్చినప్పుడు సంతకం పెట్టి వెళ్లిపోయేవారు ఈ కోర్సు మొత్తంలో అతి విలువైన భాగాన్ని వదులుకుంటారు. క్యాజువాలిటీలో కూర్చొని ఛాతీ నొప్పి, పక్షవాతం, తీవ్రమైన ఆయాసం, డెంగీ జ్వరంలో రక్తస్రావం ఎలా కనిపిస్తాయో చూడండి. మీరు వాటికి చికిత్స చేయరు, కానీ రేపు మీ ఓపీలో గ్యాస్ నొప్పి అని కడుపు పైభాగాన చేయి పెట్టుకుని వచ్చిన యాభై ఏళ్ల మనిషిని ఈసీజీకి పంపాలన్న ఆలోచన మీకు రావాలంటే అక్కడ గడిపిన రాత్రులే కారణమవుతాయి.

తొమ్మిదో మెట్టు: రిజిస్ట్రేషన్, చట్టం

ఇంటర్న్‌షిప్ పూర్తయిన వెంటనే మీ రాష్ట్రంలో ప్రకృతి వైద్యులను నమోదు చేసే అధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. దేశమంతటికీ ఒకే కౌన్సిల్ లేదు కాబట్టి ఒక రాష్ట్రంలో నమోదైనవారు మరో రాష్ట్రంలో ప్రాక్టీసు చేయాలంటే అక్కడి నియమాలు చూసుకోవాలి. కర్ణాటకలో 1961 నాటి చట్టం కింద ఆయుర్వేద, యునానీ వైద్యులతో పాటు ప్రకృతి, యోగా వైద్యులకూ నమోదు ఉంది.

చట్టానికి సంబంధించి మూడు విషయాలు మరచిపోకండి. ఒక హోమియో వైద్యుడు అల్లోపతి మందులు ఇచ్చిన కేసులో, తనకు అర్హత లేని వైద్య పద్ధతిలో చికిత్స చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఆ సూత్రం మనకూ వర్తిస్తుంది, కాబట్టి యాంటీబయాటిక్ రాయమని రోగి ఎంత బతిమాలినా రాయకండి. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తోంది. యూట్యూబ్ వీడియో శీర్షిక పెట్టేటప్పుడు కూడా దీన్ని గుర్తుంచుకోవడం మంచిది. ఆక్యుపంక్చర్ సూదులు వాడితే 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వేరుగా పారవేయాలి, ఒకసారి వాడిన సూది మళ్లీ వాడకూడదు.

పదో మెట్టు: తర్వాతి దారులు

మూడేళ్ల ఎండీ నేచురోపతి, ఎండీ యోగా కోర్సులు కర్ణాటక, తమిళనాడుల్లో ఉన్నాయి. బోధన, పరిశోధన ఇష్టమైనవారికి అది సరైన దారి. ప్రజారోగ్యం, పోషకాహార శాస్త్రం వైపు వెళ్లినవారూ బాగానే స్థిరపడుతున్నారు. ప్రభుత్వ ఉద్యోగాలు ఆయుష్ శాఖ నోటిఫికేషన్ల ద్వారా వస్తాయి, అవి తక్కువ కాబట్టి వాటి కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూడకండి. ప్రైవేటు ప్రకృతి వైద్యశాలల్లో రెండు మూడేళ్లు పనిచేసి, వంటశాల నుంచి చికిత్స గది దాకా అన్నీ నడపడం నేర్చుకున్నవారే సొంత క్లినిక్‌లో నిలదొక్కుకోగలుగుతారు.

అమెరికా, కెనడాల్లో బంధువులున్న విద్యార్థులు అక్కడ ప్రాక్టీసు గురించి అడుగుతారు. అక్కడి నేచురోపతిక్ డాక్టరు పట్టా డిగ్రీ తర్వాత చదివే సుమారు నాలుగేళ్ల కోర్సు. సీఎన్ఎంఈ అనే మండలి గుర్తించిన కళాశాలలో చదివి, ఎన్‌ప్లెక్స్ అనే రెండు భాగాల పరీక్ష రాయాలి. మన బీఎన్‌వైఎస్‌తో నేరుగా ఆ లైసెన్సు రాదు, పైగా అమెరికాలో అన్ని రాష్ట్రాలూ లైసెన్సు ఇవ్వవు. అక్కడ స్థిరపడాలనుకునేవారు ఏ రాష్ట్రంలో ఉంటారో ముందు నిర్ణయించుకుని, ఆ రాష్ట్ర నియమాలు చూసిన తర్వాతే డబ్బు కట్టాలి.

సొంత క్లినిక్ తెరిచేవారు స్థానిక సంస్థ అనుమతి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కింద వైద్య సంస్థ నమోదు ముందుగా పూర్తిచేసుకోవాలి. నీటి సౌకర్యం, మురుగు పోయే దారి చూసుకోకుండా అద్దె ఇల్లు తీసుకోకండి. మట్టి కలిసిన నీళ్లు మామూలు పైపులను మూడు నెలల్లో పూడ్చేస్తాయి, కాబట్టి చికిత్స గది బయట మట్టి పేరుకునే చిన్న తొట్టి కట్టించాలి. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు చికిత్స గదులూ, వేర్వేరు సహాయకులూ ఉండాలి. మొదట కొనవలసినవి ఆవిరి పెట్టె, మర్దన బల్ల కావు. మంచి బీపీ యంత్రం, గ్లూకోమీటరు, పల్స్ ఆక్సీమీటరు, రెండు నీటి థర్మామీటర్లు, గ్లూకోజు పొడి డబ్బా ముందు కొనండి. దగ్గరలోని ఫిజీషియన్‌ను కలిసి మీరు పంపే రోగులను ఆయన చూస్తారా అని అడగండి. ఆయన ఫోన్ నంబరు, 108 నంబరు రెండూ మీ బల్ల ఎదురుగా గోడ మీద, సహాయకులకు కూడా కనిపించేటంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.